తీరం, తీరిక

సర్ఫ్ అంటే మన ఇళ్ళల్లో ఇప్పటికీ బట్టలుతికే పౌడరే. ఏ కంపెనీ ప్యాకెట్టు అయినా సరే, కొట్టుకెళ్ళి "సర్ఫ్ ఇవ్వండి" అనే అడుగుతాం. ఇంగ్లీషులో ఆ మాటకి అసలు అర్థం ఒడ్డుకొచ్చి విరిగిపడే కెరటం, దాని నురగ. ఆ మాట పుట్టుక కోసం నిఘంటువులు తిరగేస్తే చిన్న ఆశ్చర్యం ఎదురవుతుంది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లో దాన్ని ముఖ్యంగా భారతదేశపు తీరం గురించి చెప్పడానికే వాడారు. అసలు అది ఇక్కణ్ణుంచి వెళ్ళిన మాటే అయ్యుండొచ్చని ఒక ఊహ కూడా ఉంది. ఇక్కడి కెరటాలకి పెట్టిన పేరు పసిఫిక్ దాకా వెళ్ళి, అక్కడ ఒక ఆటకి పేరై, చివరికి ఒక బతుకు తీరుకి పేరైంది.

ఆ బతుకు తీరు ఇప్పుడు మా ఐటీ వాళ్ళకి ఒక కల. రిలీజ్ అయిపోయిన రాత్రి టీ తాగుతూ ఎవరో ఒకరు ఫోన్ తీసి, ఉద్యోగం మానేసి బాలి వెళ్ళిపోయిన వాడి ఫోటోలు చూపిస్తారు. పొద్దున సర్ఫింగ్, మధ్యాహ్నం లాప్‌టాప్, నెలకో కొత్త తీరం. చూసినవాళ్ళంతా అనే మాట ఒక్కటే: "గట్స్ ఉండాలి బాసూ." నాకు సముద్రం ఇష్టమే గానీ ఈత అంతంత మాత్రం, బోర్డెక్కి నిలబడాలన్న సరదా కూడా లేదు. కానీ ఆ 'గట్స్' అన్న మాట దగ్గర ఎప్పుడూ ఒక అనుమానం వస్తుంది. నిజంగా అది ధైర్యానికి సంబంధించిన విషయమేనా?

ఈ అనుమానంతోనే సర్ఫింగ్ చరిత్ర మీద దొరికిన పుస్తకాలు చదువుతూ వచ్చాను. మ్యాట్ వార్షా రాసిన 'ద హిస్టరీ ఆఫ్ సర్ఫింగ్', ఐజయా హెలెకునిహి వాకర్ రాసిన 'వేవ్స్ ఆఫ్ రెసిస్టెన్స్', స్కాట్ లేడర్‌మన్ రాసిన 'ఎంపైర్ ఇన్ వేవ్స్', విలియం ఫినెగన్ ఆత్మకథ 'బార్బేరియన్ డేస్'. అన్నీ చదివాక నాకు తోచింది ఇది: అలల వెంట బతకాలంటే ధైర్యం కన్నా ముందు తీరిక కావాలి. ఆ తీరిక ఊరికే రాదు, దాని ఖర్చు ఎవరో ఒకరు భరిస్తారు. ఎవరు భరించారన్నదే ఈ చరిత్రలో నాకు ఆసక్తి కలిగించిన భాగం.

కథ హవాయిలో మొదలుపెట్టాలి. అక్కడ దీన్ని 'హెఎ నాలు' అంటారు, అల మీద జారడం అని. 1779లో కెప్టెన్ కుక్ దళంలోని లెఫ్టినెంట్ జేమ్స్ కింగ్ కెయలకెకువా అఖాతం దగ్గర ఈ ఆట చూసి వివరంగా రాశాడు. రాజులు ఆడేవారు, రైతులు ఆడేవారు, ఆడవాళ్ళు ఆడేవారు. బోర్డుల్లో తేడా ఉండేది, పెద్దలకి పొడవాటి 'ఓలో', మామూలు జనానికి చిన్న 'అలాయా'. కానీ సముద్రం అందరిదీ.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఆట కాదు, దాని చుట్టూ ఉన్న క్యాలెండరు. హవాయిలో ఏటా దాదాపు నాలుగు నెలలు 'మకహికి' జరిగేది. లోనో అనే దేవుడి పేరు మీద పండగ కాలం. దొరలకి చెల్లించాల్సిన పన్నులు, కానుకలు చెల్లించేశాక యుద్ధం నిషేధం, పెద్ద పనులకి విరామం. ఆటలు, నాట్యాలు, విందులు. అంటే తీరిక అక్కడ ఎవరో ఒకరిద్దరు దొంగిలించుకునేది కాదు, సమాజం మొత్తం ఏర్పాటు చేసుకున్నది. పందొమ్మిదో శతాబ్దపు హవాయి రచయిత కెపెలినో ఒక ముచ్చట చెప్తాడు. కొండ మీది పొలానికి బయల్దేరిన రైతు దారి మధ్యలో వెనక్కి తిరిగి చూస్తాడు, కెరటాలు బాగా లేస్తున్నాయి. అంతే, పని అక్కడే వదిలేసి ఇంటికొచ్చి బోర్డు తీసుకుంటాడు. ఇంట్లో వాళ్ళంతా ఆ రోజుకి సముద్రంలోనే. దాన్ని కెపెలినో తిరుగుబాటులా చెప్పడు. అది అక్కడ మామూలు సంగతి.

1820లో అమెరికన్ మిషనరీలు దిగారు. వాళ్ళలో ప్రముఖుడు హైరమ్ బింగమ్ తర్వాతి కాలంలో సర్ఫింగ్ తగ్గిపోవడానికి కారణాలు రాస్తూ సిగ్గు, కష్టపడే గుణం, మతం పెరగడం వల్లేనని తేల్చాడు. అసలు కారణం అంతకన్నా ఘోరమైంది. ఓడలతో పాటు వచ్చిన రోగాలు. కుక్ వచ్చేనాటికి హవాయి జనాభా చాలా అంచనాల ప్రకారం రెండు లక్షలకు పైగా. 1890ల నాటికి మిగిలిన హవాయీయులు దాదాపు 40 వేలు. మధ్యలో 1848 భూవిభజనతో భూమి అమ్ముకునే సరుకైంది, చెరకు తోటలు పెరిగాయి. 1893లో తోటల, వ్యాపారాల యజమానులు అమెరికా సైనికుల అండతో రాణి లిలియువోకలాని ప్రభుత్వాన్ని కూల్చేశారు. మకహికి ఆచారం అంతకు చాలా ముందే పోయింది. ఇన్ని జరిగినా సర్ఫింగ్ పూర్తిగా చచ్చిపోలేదని వాకర్ గట్టిగా వాదిస్తాడు. హవాయీయులకి తమ చేతిలో మిగిలిన చివరి చోటు కెరటాల అంచే అని ఆయన మాట. 1885లో చదువుకోడానికి కాలిఫోర్నియా వచ్చిన ముగ్గురు హవాయి రాకుమారులు శాంటా క్రూజ్‌లో రెడ్‌వుడ్ చెక్కతో బోర్డులు చేయించుకుని మరీ ఆడారు. చనిపోయిన ఆటైతే అలా ప్రయాణం చెయ్యదు కదా.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ ఆట మళ్ళీ బయటికొచ్చింది, ఈసారి పర్యాటకానికి ప్రకటనగా. 1907లో రచయిత జాక్ లండన్ వైకీకీ వచ్చి నేర్చుకుని, పత్రికలో రాశాడు. ఆయనకి దీన్ని పరిచయం చేసిన అలెగ్జాండర్ హ్యూమ్ ఫోర్డ్ 1908లో అవుట్‌రిగ్గర్ కనూ క్లబ్ పెట్టాడు. వైకీకీ ఒడ్డునే ఉన్న ఆ క్లబ్బులో ఎక్కువమంది తెల్లవాళ్ళే. అదే 1907లో జార్జ్ ఫ్రీత్ అనే కుర్రాడు, హవాయీ రక్తం ఉన్నవాడు, కాలిఫోర్నియా వెళ్ళాడు. రైల్వే వ్యాపారి హెన్రీ హంటింగ్టన్ అతన్ని రెడొండో బీచ్‌లో జనం ముందు అలల మీద నడవడానికి పెట్టుకున్నాడు. ఉద్దేశం తేలిగ్గా అర్థమయ్యేదే: జనం చూడ్డానికి వస్తే రైలు టికెట్లు అమ్ముడవుతాయి, చుట్టుపక్కల స్థలాలు కూడా. ఫ్రీత్ లైఫ్‌గార్డుగా ఎంతోమందిని కాపాడాడు, జపనీస్ జాలర్లని తుఫానులోంచి లాగినందుకు పతకం కూడా వచ్చింది. 1919లో, ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో, 35 ఏళ్ళకే పోయాడు.

డ్యూక్ కహనమోకు పేరు చాలామంది వినే ఉంటారు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో స్వర్ణం, 1920లో మళ్ళీ స్వర్ణం. ఆస్ట్రేలియాకి సర్ఫింగ్ రుచి చూపించింది ఆయనే. ప్రపంచమంతా సర్ఫింగ్‌కి ఆయన్ని పితామహుడంటుంది. అంతటి మనిషి హొనొలులులో పెట్రోల్ బంకు నడిపాడు. తర్వాత షెరిఫ్ పదవికి ఎన్నికై దశాబ్దాలు ఆ పని చేశాడు. ఆట ఎవరిదో వాళ్ళకి దాని మీద బతికే అవకాశం దొరకలేదు.

మరి 'అలల కోసమే బతకడం' అనేదాన్ని మొదట చేసి చూపించింది ఎవరు? చరిత్రకారులు సాధారణంగా టామ్ బ్లేక్ పేరు చెప్తారు. అమెరికాలో సముద్రానికి చాలా దూరమైన విస్కాన్సిన్ రాష్ట్రంలో 1902లో పుట్టాడు. 1920లో డెట్రాయిట్‌లోని ఒక సినిమా హాల్లో డ్యూక్‌ని కలిసి చెయ్యి కలపడంతో అతని దారి మారింది. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి నాకు బ్లేక్ అంటే కాస్త పక్షపాతం. అప్పటి బోర్డులు చాలా బరువుండేవి. మ్యూజియంలోని పాత హవాయి బోర్డులు చూసి, లోపల డొల్లగా ఉండే తేలిక బోర్డు తయారు చేసి పేటెంట్ తీసుకున్నాడు. 1935లో బోర్డు అడుగున చిన్న రెక్క బిగించాడు. అప్పటిదాకా బోర్డుని తిప్పాలంటే కాలు నీళ్ళలో ఈడ్చాల్సి వచ్చేది. ఈ రెక్కతో దిశ చేతికొచ్చింది. లైఫ్‌గార్డుగా పనిచేస్తూ, కాలిఫోర్నియాకీ హవాయికీ మధ్య తిరుగుతూ, ఆస్తిపాస్తులు లేకుండా బతికాడు. ఈ సంప్రదాయంలో నాకు నిజాయితీగా కనిపించే మనిషి ఇతనే. తన తీరిక ఖర్చు చాలావరకు తనే భరించాడు, తక్కువతో బతికి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లెక్క మారిపోయింది. మనం స్వేచ్ఛ అనుకునే ఆ బతుకుకి కావలసిన సామానులో చాలా భాగం యుద్ధం మిగిల్చిందే. ఫైబర్‌గ్లాస్, రెజిన్ యుద్ధకాలపు పరిశ్రమలోంచి వచ్చాయి. చలినీళ్ళలో గంటలు గంటలు ఉండనిచ్చే నియోప్రీన్ వెట్‌సూట్ మీద మొదటి ప్రయోగాలు అమెరికన్ నేవీ గజ ఈతగాళ్ళ కోసం బర్క్‌లీ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ చేశాడు. జాక్ ఓనీల్ 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సర్ఫ్ షాపు పెట్టి ఆ సూట్లని జనంలోకి తెచ్చాడు. ఇంకో సంగతి మా వృత్తి వాళ్ళకి నచ్చుతుంది. రేపు ఏ తీరంలో అలలు ఎంత ఎత్తు వస్తాయో ముందే లెక్కగట్టే పద్ధతిని స్క్రిప్స్ సంస్థలో హారల్డ్ స్వెర్‌డ్రప్, వాల్టర్ మంక్ కలిసి తయారు చేశారు. ఎందుకు? సైనికుల్ని ఏ రోజు ఒడ్డున దింపితే పడవలు తిరగబడకుండా ఉంటాయో తెలుసుకోడానికి. నార్మండీకి కూడా ఆ లెక్కలే వాడారు. తర్వాత 1963లో మంక్ బృందం అంటార్కిటికా వైపు తుఫానుల్లో పుట్టిన అలలు పసిఫిక్ మొత్తం దాటి అలాస్కా దాకా రావడాన్ని వరుసగా కొలిచింది. ఈ రోజు ఒక కుర్రాడు ఫోన్లో అలల సూచన చూసుకుని విమానం టికెట్ బుక్ చేసుకుంటున్నాడంటే, ఆ యాప్ పునాదిలో ఒక సైనిక అవసరం ఉంది.

ఇక ప్రయాణాలు. ఈ కలకి బొమ్మ కట్టింది బ్రూస్ బ్రౌన్ తీసిన 'ది ఎండ్‌లెస్ సమ్మర్'. 1963లో మైక్ హిన్సన్, రాబర్ట్ ఆగస్ట్ అనే ఇద్దరు కాలిఫోర్నియా కుర్రాళ్ళని వెంటేసుకుని, వేసవి ఎక్కడుంటే అక్కడికి వెళ్తూ ప్రపంచం చుట్టిన సినిమా. 1966లో దేశమంతా విడుదలై బాగా ఆడింది. ప్రపంచం చుట్టాలన్న ఆలోచన వెనక ఉన్నది విమాన టికెట్ల లెక్కట. కేప్‌టౌన్ వెళ్ళి రావడం కన్నా భూమి చుట్టూ తిరిగొచ్చే టికెట్టే కాస్త చవక పడిందట.

సినిమా అందంగా ఉంటుంది, చూడని వాళ్ళు చూడండి. అయితే ఘానా భాగం దగ్గర ఒకసారి ఆగండి. అక్కడి జనం బోర్డు మీద మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు ఆ భాగం నడుస్తుంది. కానీ 1834లో అదే అక్రా తీరంలో జేమ్స్ ఎడ్వర్డ్ అలెగ్జాండర్ అనే స్కాట్లండ్ ప్రయాణికుడు, పిల్లలు తేలికపాటి చెక్కలు పొట్ట కింద పెట్టుకుని, అల కోసం కాచుకుని, దాని మీద ఒడ్డుకి దూసుకురావడం చూసి రాసి పెట్టాడు. కొత్తగా కనుక్కున్నామనుకునే వాళ్ళకి ముందున్న వాళ్ళు కనిపించరు. దక్షిణాఫ్రికా భాగం ఇంకో సంగతి. కేప్ సెయింట్ ఫ్రాన్సిస్‌లో దొరికిన ఆ అద్భుతమైన అల సినిమాకే శిఖరం. ఆ దేశంలో 1953 చట్టం నాటి నుంచి చట్టబద్ధంగానే తెల్లవాళ్ళ చోట్లు వేరు, నల్లవాళ్ళ చోట్లు వేరు. బీచ్‌లు కూడా. ఖాళీగా ఉన్న తీరం అని తెర మీద మురిసిపోతాం. దాని మీద అడుగు పెట్టే హక్కు ఎవరికి లేదో సినిమా పట్టించుకోదు.

బాలి దగ్గర ఈ మౌనం మరీ బరువుగా ఉంటుంది. 1969లో అక్కడ జెట్ విమానాలు దిగే అంతర్జాతీయ విమానాశ్రయం తెరిచారు. 1971లో ఆస్ట్రేలియన్ దర్శకుడు అల్బర్ట్ ఫాల్జన్ ఉలువాటు గుహలోంచి దిగి అక్కడి కెరటాన్ని చిత్రించాడు. మరుసటి ఏడు 'మార్నింగ్ ఆఫ్ ది ఎర్త్' పేరుతో ఆ సినిమా వచ్చింది. ఎవరూ తాకని స్వర్గం అన్న పేరు బాలికి సర్ఫర్లలో అప్పట్నుంచే స్థిరపడింది. దానికి ఐదారేళ్ళ ముందే, 1965 చివర్లో, 1966 మొదట్లో, కమ్యూనిస్టులన్న ముద్ర వేసి సైన్యం, దాని అనుచర గుంపులు బాలిలో దాదాపు 80 వేల మందిని చంపాయని చరిత్రకారుడు జెఫ్రీ రాబిన్సన్ అంచనా. ద్వీపం జనాభాలో ఇరవైమందికి ఒకరు. ఆ స్వర్గంలో సర్ఫర్లకి చాయ్ అందించిన చేతులు, బోర్డులు మోసిన భుజాలు, ఆ ఇళ్ళవే. ఆ ఊచకోత చేసిన పాలనే తర్వాత పర్యాటకానికి తలుపులు తెరిచింది. లేడర్‌మన్ పుస్తకంలో ఈ అధ్యాయం చదివాక ఉలువాటు ఫోటోలు మునుపటిలా చూడలేం.

అక్కణ్ణుంచి వేట మరింత లోపలికి వెళ్ళింది. 1975లో ఆస్ట్రేలియన్లు సుమత్రా పక్కన నియాస్ ద్వీపంలో లగుండ్రి అఖాతంలో అల కనుక్కుని, మలేరియా దోమల మధ్య గుడారాలు వేసుకున్నారు. 2005 మార్చి 28న ఆ ద్వీపాన్ని 8.6 తీవ్రతతో భూకంపం కుదిపింది. వందలమంది చనిపోయారు. నేల కదలడంతో నీటి అడుగున ఉన్న పగడపు దిబ్బ పైకి లేచింది. దాంతో లగుండ్రి అల ఇంకా బాగుపడింది. ఇందులో ఏ సర్ఫరుదీ తప్పు లేదు. కానీ ఒకే సంఘటన ఊరివాళ్ళకి ఒకలాగా, అతిథులకి ఇంకోలాగా గుర్తుండిపోవడం ఎలా ఉంటుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ ఖర్చుల సంగతి దాచకుండా రాసినవాడు కాబట్టే ఫినెగన్ నాకు ఇష్టం. 'బార్బేరియన్ డేస్' 2015లో వచ్చింది, 2016లో పులిట్జర్ అందుకుంది. 1978లో స్నేహితుడితో కలిసి అతను పసిఫిక్ వైపు బయల్దేరాడు. చేతిలో డబ్బు రైల్వేలో బ్రేక్‌మన్‌గా పనిచేసి కూడబెట్టింది. డాలరు పలికే చోట్ల ఆ కూలి డబ్బు ఏళ్ళ తరబడి నడిచింది. ఫిజీలో తవరువా అనే జనం లేని చిన్న ద్వీపం మీద పడుకుని, ప్రపంచంలోనే గొప్ప అలల్లో ఒకటైన దాన్ని ఇద్దరే అనుభవించారు. ఆ రహస్యం ఎక్కువ కాలం ఆగలేదు. 1980లలో అక్కడ అమెరికన్ రిసార్టు వచ్చింది. డబ్బు కట్టిన అతిథులకే ఆ అల. చివరికి 2010లో ఫిజీ ప్రభుత్వం డిక్రీ తెచ్చి ఆ ప్రత్యేక హక్కు రద్దు చెయ్యాల్సి వచ్చింది. ఫినెగన్ దారి ఖర్చుల కోసం 1980లో కేప్‌టౌన్‌లో నల్లజాతి, మిశ్రమజాతి పిల్లలు చదివే హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. అప్పుడే అక్కడి విద్యార్థులు వివక్ష చదువుని బహిష్కరించి వీధుల్లోకి వచ్చారు. తన విద్యార్థులు దేని కోసం ఏం వదులుకుంటున్నారో చూశాక, తను అలల వెంట తిరగడం మీద అతనికి ప్రశ్నలు మొదలయ్యాయి. అతని మొదటి పుస్తకం ఆ స్కూలు గురించే. విమర్శకుడిగా ఒక మాట: ఆ పుస్తకంలో అలల వర్ణన కొన్నిచోట్ల మితిమీరుతుంది, ప్రతి కెరటానికీ పేజీలు కేటాయిస్తాడు. అయినా తన తీరిక ఎక్కణ్ణుంచి వచ్చిందో అడుగుతూ పోవడం వల్లే అది యాత్రాకథనాల గుంపు లోంచి విడిపడింది.

మన తీరానికి వద్దాం. ఓడరేవు కట్టక ముందు మద్రాసులో ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగేవి. కెరటాల్లోంచి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చింది మసూలా పడవలు. మేకులు లేకుండా కొబ్బరి తాడుతో చెక్కలు కుట్టి చేసేవారు, అల కొడితే విరగకుండా వంగుతాయని. అంతకన్నా చిన్నది, నాలుగైదు దుంగలు కట్టిన కట్టుమరం. ఇంగ్లీషు 'కటమరాన్' ఆ తమిళ మాటే. మన వైపు తెప్ప. తల మీది టోపీలో ఉత్తరాలు తడవకుండా దాచుకుని, తెప్ప మీద కెరటాలు దాటి ఓడల దగ్గరికి వెళ్ళే మనుషుల గురించి తెల్లవాళ్ళు నోరెళ్ళబెట్టి రాశారు. ఏ అలని దాటాలి, ఏ అలతో పాటు తిరిగి రావాలి అన్న జ్ఞానంలో వాళ్ళు ఏ సర్ఫరుకీ తీసిపోరు. కానీ ఆ జ్ఞానానికి ఎవరూ జీవన విధానం అని పేరు పెట్టలేదు. అది కూలి. అదే సముద్రం, అదే ఒడుపు. తేడా అంతా తీరికలో ఉంది.

ఇప్పుడు చెన్నై దగ్గరి కోవళంలో మత్స్యకారుల పిల్లలే సర్ఫింగ్ నేర్పే గురువులయ్యారు. కర్ణాటక ముల్కీలో, మన రుషికొండలో కూడా బోర్డులు కనిపిస్తున్నాయి. 2011లో జాతీయ ఫెడరేషన్ వచ్చింది. ఇది నాకు సంతోషం కలిగించే పరిణామం. తండ్రి దగ్గర బతుకుదెరువుగా ఉన్న ఒడుపు కొడుకు దగ్గర ఆట అవడం చిన్న విషయం కాదు. అక్కడ నేర్చుకోడానికి వచ్చేవాళ్ళలో మాలాంటి వీకెండ్ జనమే ఎక్కువ. వాళ్ళు సోమవారం మళ్ళీ లాగిన్ అవుతారు. పూర్తిగా వదిలేసి వెళ్ళాలంటే కావలసినవి వేరే ఉన్నాయి. రిమోట్ ఉద్యోగులకి ఇండోనేషియా ఇచ్చే వీసాకి ఏడాదికి 60 వేల డాలర్ల ఆదాయం చూపించాలి. గట్స్ చూపిస్తే ఇవ్వరు.

అందుకని ఉద్యోగం వదిలి వెళ్ళినవాళ్ళని నేను తప్పుపట్టను. వెళ్ళగలిగితే వెళ్ళాలి, అల మీద ఆ పది సెకన్ల ఆనందం నిజమైనదేనని ఈ పుస్తకాలన్నీ సాక్ష్యం చెప్తున్నాయి. నా పేచీ ఆ ప్రయాణాన్ని ధైర్యసాహసాల కథగా మాత్రమే చెప్పుకోవడంతో. అలా చెప్తే వెళ్ళలేనివాళ్ళు పిరికివాళ్ళవుతారు. ఇంటి లోన్ కట్టేవాడు, అమ్మానాన్నల మందులు చూసుకునేది, పొద్దున్నే ఫుడ్ డెలివరీ బండెక్కేవాడు, వీళ్ళెవరూ పిరికివాళ్ళు కారు. వాళ్ళకి లేనిది తీరిక.

కెపెలినో చెప్పిన ఆ రైతు నాకు మాటిమాటికీ గుర్తొస్తాడు. పొలం పని మధ్యలో వదిలేసి బోర్డు తీసుకున్నాడు, రాజీనామా ఏం చెయ్యలేదు. ఇంట్లో వాళ్ళని వదిలేసి వెళ్ళలేదు, వాళ్ళతో కలిసే వెళ్ళాడు. వేరే దేశానికి కూడా పోలేదు, తన ఊరి సముద్రంలోనే దిగాడు. మర్నాడు పొలం అక్కడే ఉంటుంది. ఆ దీవుల్లోనూ దొరలు, కట్టుబాట్లు, శిక్షలు ఉండేవి, ఆ సమాజాన్ని స్వర్గం చెయ్యక్కర్లేదు. కానీ ఏడాదిలో కొన్ని నెలలు అందరూ కలిసి పని ఆపొచ్చని వాళ్ళకి తట్టింది. మనకి యాభై ఏళ్ళుగా తట్టినదల్లా ఒక్కొక్కరం విడివిడిగా పారిపోవడం. ఈసారి టీ దగ్గర బాలి ఫోటో చూపిస్తే, ఎంత ఖర్చవుతుందని అడిగే ముందు మన లీవ్ పాలసీ గురించి కూడా కాసేపు మాట్లాడుకుంటే బాగుంటుంది.